స్టీరింగ్ పైపే కదా అనుకున్నా!

ఆ మంగళవారం తెనాలి నుంచి గుంటూరు వెళ్తుంటే దారిలోనే అనుమానం వచ్చింది. మలుపు తిప్పినప్పుడల్లా ఇంజను వైపు నుంచి ఒకటే మూలుగు. వెనక సీట్లో పడుకున్న అత్తయ్యగారు కూడా ‘‘ఏంటే అమ్మాయ్ ఆ చప్పుడు?’’ అన్నారు. మా వారి ఉద్యోగం విశాఖలో. వారానికి రెండుసార్లు ఆవిణ్ని డయాలసిస్‌కి తీసుకెళ్లేది నేనే. ఆస్పత్రి ఆవరణలో కారు వెనక్కి తీసి నీడలో పెడదామంటే స్టీరింగు కదిలితేగా! రెండు చేతులా బలంకొద్దీ లాగాల్సి వచ్చింది. దిగి చూస్తే కింద ఎర్రటి మరక.

మా స్కూలు బస్సులు బాగుచేసే పెద్దాయనకి ఫోన్ చేశాను. ‘‘ఇంజను ఆపేయండమ్మా. ఆయిలు లేకుండా తిరిగితే పంపు కూడా పోద్ది. అప్పుడు ఖర్చు పదింతలు’’ అన్నారు. కారు అక్కడే వదిలేసి సాయంత్రం ఆటో మాట్లాడుకున్నాను. డయాలసిస్ అయ్యాక మనిషి ఎంత నీరసపడిపోతారో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ పాతిక కిలోమీటర్లూ గతుకు గతుక్కీ అత్తయ్యగారు నా భుజం పట్టుకుని కళ్లు మూసుకున్నారు. మళ్లీ శుక్రవారం రావాలి. మధ్యలో రెండే రోజులు.

అసలు సంగతి చెప్పలేదు కదూ. అంతకు మూడు నెలల ముందే మా వీధి చివరి షెడ్డులో ఇదే పైపు మార్పించాను! ‘‘కొంచెం కారుతోంది మేడమ్, కొత్తది వేసేస్తే సరి’’ అన్నాడు కుర్రాడు. అరగంటలో వేసేశాడు. నిగనిగలాడే పైపు, తళతళలాడే క్లిప్పులు. అంతకంటే ఏం చూడాలో నాకేం తెలుసు?

మర్నాడు పొద్దున్నే పెద్దాయన నాతోపాటు గుంటూరు వచ్చి బానెట్ ఎత్తారు. ఆ ‘కొత్త’ పైపు క్లిప్పు దగ్గర ఉబ్బి, మెత్తబడి, చీలిపోయి ఉంది. వేళ్లతో నొక్కి చూసి నవ్వారు. ‘‘ఇది రేడియేటర్‌కి వేసే నీళ్ల పైపమ్మా. వేణ్నీళ్లు పోతే ఏళ్ల తరబడి వచ్చిద్ది. ఆయిలు తగిలితే మాత్రం ఇట్టా ఇడ్లీలాగా ఉబ్బుద్ది.’’

రబ్బరంతా ఒకటే అనుకుంటాం గానీ కాదట. నీళ్ల పైపులకి ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరుకి ఇలాంటి ఆయిలంటే అస్సలు పడదు. ఆయిలుకి తట్టుకునేవి నైట్రైల్ లాంటి రబ్బర్లు. చూపుకి రెండూ నల్లగానే ఉంటాయి. తేడా పైపు మీద అచ్చేసిన అక్షరాల్లో తెలుస్తుంది. పవర్ స్టీరింగ్ రిటర్న్ పైపు అనో, ఎస్‌ఏఈ జే189 అనో ఉంటే అది ఈ పనికి చేసినదే. ఏమీ రాయని పైపు ఎంత చవకైనా వద్దు.

మాది 2006లో కొన్న డీజిల్ కారు. ఈమధ్య వచ్చే చిన్న కార్లలో చాలావాటికి స్టీరింగు తిప్పడానికి కరెంటు మోటారు సాయం చేస్తుంది. వాటికి ఈ పైపుల గొడవే లేదు. మాలాంటి పాత కార్లలో ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఆయిలుని తోస్తుంది. దాన్ని స్టీరింగ్ గేరు దగ్గరికి తీసుకెళ్లేది ప్రెషర్ పైపు. పని అయ్యాక తిరిగి డబ్బాలోకి తెచ్చేది రిటర్న్ పైపు. దీన్లో ఒత్తిడి తక్కువ గనక క్లిప్పులు సరిపోతాయి. ప్రెషర్ పైపు సంగతి వేరు. కారు టైర్లో గాలి 30, 35 పౌండ్లు ఉంటుందా! ఇందులో స్టీరింగు చివరికంటా తిప్పినప్పుడు వెయ్యి పౌండ్లు దాటుతుంది. అందుకే దాని రెండు కొసలకీ ఇనప గొట్టాల్ని మెషిన్ మీద నొక్కి బిగిస్తారు. ఎవరైనా ‘చీలిన చోట కోసి క్లిప్పులేస్తాం’ అంటే ఒప్పుకోకండి. ఆ ఆయిలు చిమ్మి కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడితే మంటలు రావచ్చు. ఇంజను నడుస్తుండగా కారుతున్న చోటు కోసం చేత్తో తడమడమూ ప్రమాదమే.

మా ప్రెషర్ పైపు కొస దగ్గరా చెమర్చింది. రెండూ మార్చేద్దామన్నారు పెద్దాయన. ప్రెషర్ పైపు ఊడదీసి పేపర్లో చుట్టిచ్చారు. రిటర్న్ పైపుకి మాత్రం ‘‘ఉబ్బిన దాని కొలత నమ్మొద్దమ్మా’’ అని, అది తొడిగే ఇనప గొట్టాన్నే కొలిచి 10 మి.మీ. అని రాశారు. స్కూలుకి సెలవు పెట్టి అట్నుంచటే విజయవాడ ఆటోనగర్ బస్సెక్కాను.

మొదటి కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి ‘‘మీవారిని పంపండి మేడమ్, మీకు తెలీదు’’ అన్నాడు. మా వారికి బానెట్ ఎక్కడ తెరుచుకుంటుందో కూడా తెలీదని ఆయనకేం తెలుసు! రెండో కొట్లో కారు పేరు చెప్పగానే పైపు తీసిచ్చారు. పాతదాన్ని పక్కన పెట్టి చూద్దును కదా, ఓ వంపు అటుది ఇటుంది. అది పెట్రోలు కారుదట! పేరొకటే అయినా పెట్రోలుకీ డీజిల్‌కీ, ఒక్కోసారి తయారైన సంవత్సరాన్ని బట్టీ పైపు మారిపోతుంది. ఆర్‌సీ మీదున్న ఛాసిస్ నంబరు చెప్తే అప్పుడు సరైనది దొరికింది. పొడవూ, వంపులూ, కొసల్లో మరలూ, కారుకి బిగించే పట్టీ అన్నీ సరిచూసుకున్నాను.

‘ట్రాక్టర్లకి వేసే హైడ్రాలిక్ పైపు చేయించుకోండి, ఇంకా గట్టిది’ అని అక్కడే ఒకాయన సలహా. పెద్దాయన ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. స్టీరింగ్ పైపు కొంచెం సాగుతూ పంపు అదురుని తనలో కలిపేసుకుంటుందట. మరీ బిర్రుగా ఉండేది వేస్తే ఆ అదురంతా చేతుల్లోకి వస్తుంది. పైపుతోపాటు కొత్త రాగి వాషర్లు అడిగి తీసుకున్నాను. పాతవే వేస్తే మళ్లీ కారుతుంది. ఆయిలు కూడా ఏదో ఒకటి పోయకూడదు. డబ్బా మూత మీదో కారు పుస్తకంలోనో ఏది వాడాలో రాసి ఉంటుంది. చాలా కార్లకి ఎర్రగా ఉండే ఏటీఎఫ్. హోండా అయితే తన సొంత ఆయిలే వాడమంటుంది.

గురువారం బిగింపు. ముందు చక్రాలు జాకీల మీద లేపి, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగుని ఈ కొస నుంచి ఆ కొసకి పదిహేను ఇరవైసార్లు నా చేతే తిప్పించారు పెద్దాయన. లోపలి గాలి పోవాలిగా! డబ్బాలో నురగ తగ్గేదాకా ఆయిలు పోస్తూనే ఉన్నారు. తర్వాత ఇంజను వేసి మళ్లీ తిప్పించారు. చివరికంటా తిప్పి అలాగే పట్టుకుని కూర్చోవడం నాకున్న అలవాటు. అది మానమన్నారు, పంపుకీ పైపుకీ అదే పెద్ద భారమట.

శుక్రవారం పొద్దున్న నారాకోడూరు దాటాక అత్తయ్యగారు ముందుకి వంగి, ‘‘ఇవాళ మూలగట్లేదే నీ కారు’’ అన్నారు. ఆ ఉబ్బిన పైపు ముక్క ఇంకా డిక్కీలోనే ఉంది. వీధి చివరి షెడ్డు కుర్రాడికి చూపించాలి.