రైలు పట్టాల వెంట రూపుదిద్దుకున్న రాక్ అండ్ రోల్

రాక్ అండ్ రోల్ అనగానే చాలామందికి స్ఫురించే పేరు ఎల్విస్ ప్రెస్లీ. ఆయన తొలి రికార్డు 1954 జూలైలో వెలువడింది. అయితే అందులోని 'దట్స్ ఆల్ రైట్' కొత్త పాట కాదు. మిసిసిపీకి చెందిన నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రూడప్ దానిని 1946లోనే రికార్డు చేశారు. ప్రెస్లీ విశ్వవిఖ్యాతి పొందగా, 1974లో కన్నుమూసిన క్రూడప్‌కు తన పాటలపై రావలసిన రాయల్టీ జీవితకాలంలో పూర్తిగా అందనే లేదు. రాక్ అండ్ రోల్‌కు జనకుడెవరన్న ప్రశ్న ఎంత చిక్కైనదో ఈ ఒక్క పాట చరిత్రే తెలుపుతుంది.

వలసతో వచ్చిన స్వరం

పాట ఒక ప్రాంతం నుంచి మరో ప్రాంతానికి మనుషుల వెంటే ప్రయాణిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఇందుకు దగ్గరి ఉదాహరణ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఎదిగి, నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రంగా ఉన్న ఆ పట్టణంలో, తోర్వా వంటి పేటలలో, రైల్వే కొలువుల కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. వారి వెంట భాష, పండుగలు, పాటలు కూడా రైలెక్కి వచ్చాయి.

అమెరికాలో ఇటువంటి ప్రయాణమే మరింత విస్తృతంగా, మరింత కఠినమైన పరిస్థితులలో సాగింది. జాతివివక్షను, పేదరికాన్ని తప్పించుకొనేందుకు 1910 నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది ఆఫ్రికన్ అమెరికన్లు దక్షిణాది రాష్ట్రాలను విడిచి ఇతర ప్రాంతాల నగరాలకు తరలివెళ్లారు. మిసిసిపీ వాసులకు ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గమే షికాగోకు దారి. 1943లో ఆ నగరానికి రైలులో చేరినవారిలో మడ్డీ వాటర్స్ ఒకరు. పత్తిచేల నడుమ సాధారణ గిటార్‌పై పలికిన బ్లూస్ పాట నగరపు సందడిలో వినిపించకపోవడంతో, ఆయన విద్యుత్ గిటార్ చేపట్టారు. ఆ తరువాతి దశాబ్దపు సంగీతానికి ఆ ధ్వని ఒక పునాది అయింది.

లయ ఎక్కడిది?

రాక్ అండ్ రోల్‌లో కనీసం నాలుగు ధారలు కలిశాయి. మూడు స్వరసమూహాలతో 12 ఆవర్తాలుగా సాగే కట్టుబడి బ్లూస్ నుంచి వచ్చింది. ఉద్వేగంతో ఎలుగెత్తి పాడే తీరు చర్చిలలోని గాస్పెల్ గానానిది. కథ చెప్పే పద్ధతిలో శ్వేతజాతి గ్రామీణుల కంట్రీ సంగీతపు ఛాయ ఉంది. ఉరకలు వేసే నడకను బూగీ-వూగీ పియానో అందించింది. ఇందులో ఎడమచేయి ఒకే వరుసను విరామం లేకుండా మళ్లీ మళ్లీ వాయిస్తుంది. అది పట్టాలపై దొర్లే చక్రాల చప్పుడును తలపిస్తుంది. మీడ్ లక్స్ లూయిస్ 1927లో రికార్డు చేసిన 'హాంకీ టాంక్ ట్రైన్ బ్లూస్' పేరులోనే రైలు ఉంది.

వీటిపై డ్రమ్ము వేసిన ముద్ర మరొకటి. నాలుగు మాత్రల నడకలో సాధారణంగా 1, 3 మాత్రలపై పడే ఊనిక ఇక్కడ 2, 4 మాత్రలపై పడుతుంది. శ్రోత చేయి తనంతట తానే తాళం వేయడానికి కారణం ఇదే.

మాట ముందు, సంగీతం తరువాత

'రాక్', 'రోల్' అనే క్రియలకు ఊగడం, దొర్లడం అని అర్థం. అలలపై ఓడ కదలికకు వాడిన ఈ మాటలు నల్లజాతి వాడుకలో నాట్యానికి, భక్తి పారవశ్యానికి, శృంగారానికి కూడా సంకేతాలయ్యాయి. ట్రిక్సీ స్మిత్ 1922లో పాడిన ఒక బ్లూస్ పాట పేరులోనే ఈ రెండు మాటలూ కనిపిస్తాయి. అప్పట్లో నల్లజాతి సంగీతాన్ని వ్యాపారులు 'రేస్ రికార్డులు' అని వేరుచేసి అమ్మేవారు. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ఆ పేరును తొలగించి 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చింది. 1951లో క్లీవ్‌లాండ్ రేడియోలో ఈ పాటలను ప్రసారం చేయడం ఆరంభించిన అలన్ ఫ్రీడ్, 'రాక్ అండ్ రోల్' అన్న పేరును దేశమంతటా వ్యాప్తిలోకి తెచ్చారు.

తొలి రికార్డు ఏది?

దీనికి ఏకాభిప్రాయం లేదు. గాస్పెల్ గాయని సిస్టర్ రొసెట్టా థార్ప్ 1944లో రికార్డు చేసిన పాటను కొందరు పేర్కొంటారు. 1949 డిసెంబరులో ఫ్యాట్స్ డొమినో పాడిన 'ది ఫ్యాట్ మ్యాన్'ను మరికొందరు ముందుంచుతారు. 1951లో ఐక్ టర్నర్ బృందం మెంఫిస్‌లో రికార్డు చేసిన 'రాకెట్ 88'కు మద్దతుదారులు ఎక్కువ. బిల్ హేలీ పాడిన 'రాక్ అరౌండ్ ద క్లాక్' 1955లో ఒక చలనచిత్రం ద్వారా ప్రపంచమంతటా మారుమోగింది. అదే ఏడాది చక్ బెర్రీ 'మేబెలీన్'తో, లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ'తో రంగప్రవేశం చేశారు.

ఘనత, ప్రతిఫలం

ఆవిష్కరించినవారికే ఫలం దక్కలేదు. 'హౌండ్ డాగ్' పాటను 1952లో తొలుత రికార్డు చేసిన బిగ్ మామా థార్న్‌టన్, తనకు అందినది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని చెప్పేవారు. 1956లో అదే పాట ప్రెస్లీకి అఖండ విజయాన్ని తెచ్చింది. 'మేబెలీన్' రచయితలలో ఒకరిగా ఫ్రీడ్ పేరు చేర్చారు. రేడియోలో ప్రచారం లభించేందుకు చెల్లించిన మూల్యమది. పాట పూర్తిహక్కు బెర్రీకి దక్కడానికి 1986 వరకు పట్టింది. థార్ప్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించినది 2018లో. అప్పటికి ఆమె మరణించి 45 ఏళ్లు.

భారతదేశంతో బంధం

ఈ సంగీతం త్వరలోనే మన చలనచిత్రాలకూ చేరింది. 1957 నాటి హిందీ చిత్రం 'ఆశా' కోసం సి. రామచంద్ర కూర్చిన 'ఈనా మీనా డీకా'లో రాక్ అండ్ రోల్ జోరు స్పష్టం. 'మూవ్ ఇట్' పాటతో 1958లో బ్రిటిష్ రాక్ అండ్ రోల్‌కు నాంది పలికిన క్లిఫ్ రిచర్డ్ 1940లో లక్నోలో జన్మించారు. ఆయన తండ్రి భారతీయ రైల్వేకు భోజన సదుపాయాలు సమకూర్చే గుత్తసంస్థలో మేనేజరు.

1958లోనే చక్ బెర్రీ 'జానీ బి. గూడ్' వెలువరించారు. పట్టాల పక్కన కూర్చొని, రైళ్ల లయకు గిటార్ వాయించే ఒక పల్లెటూరి బాలుడి కథ అది. 1977లో వాయేజర్ నౌకలతో నాసా అంతరిక్షంలోకి పంపిన స్వర్ణ ఫలకంలో చోటు దక్కిన ఏకైక రాక్ అండ్ రోల్ పాట అదే.