ముట్టుకోకుండా కొలవడం ఎలా?

 

ఘన, ద్రవ, వాయు స్థితులు మనకు తెలుసు. నాలుగోది కూడా ఉంది. దాని పేరు ప్లాస్మా. వాయువును బాగా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి విడిగా తిరుగుతాయి. అదే ప్లాస్మా. ఆకాశంలో మెరుపు ప్లాస్మాయే. సూర్యుడూ ప్లాస్మాయే.

సూర్యునిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుడతాది. అలాగే మనమూ కరెంటు తయారు చెయ్యాలని శాస్త్రవేత్తలు టోకమాక్ అనే యంత్రాలు కట్టారు. మన దేశంలో గాంధీనగర్‌లో 'ఆదిత్య' 1989లో మొదలైంది. దక్షిణ కొరియాలో 'కేస్టార్' ఉంది. అందులో 2020లో 10 కోట్ల డిగ్రీల ప్లాస్మాను 20 సెకన్లు నిలిపారు. అయస్కాంతాల బలంతో దాన్ని గోడలకు తగలకుండా పట్టి ఉంచుతారు.

ఈ ప్లాస్మాకు సాంద్రత ముఖ్యం. తక్కువైతే శక్తి చాలదు. హద్దు దాటితే ప్లాస్మా ఒక్కసారిగా చెదిరి ఆరిపోద్ది, ఆ దెబ్బకు యంత్రం గోడలు పాడవుతాయి. అందుకే కొలుస్తూ ఉండాలి. కానీ లోపల ఏ కడ్డీ పెట్టినా కాలిపోద్ది కదా! మరెలా?

మైక్రోవేవ్ తరంగాలను పంపుతారు. కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే మన కేక తిరిగి వస్తాది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే కొండ ఎంత దూరమో తెలుస్తాది. ఇదీ అలాంటిదే. ఎలక్ట్రాన్లు పలచగా ఉన్న చోట తరంగం దూసుకుపోతాది. తగినంత చిక్కగా ఉన్న చోట వెనక్కి తిరుగుతాది. సెకనుకు సుమారు 2800 కోట్ల సార్లు కంపించే తరంగం వెనక్కి తిరిగిందంటే, అక్కడ ఒక ఘనపు సెంటీమీటరులో 10 లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నట్టు. ఇది ఎక్కువ అనుకోకండి. మనం పీల్చే గాలిలో అణువులు ఇంతకు 20 లక్షల రెట్ల పైనే! కంపనాలు రెండింతలు చేస్తే తరంగం నాలుగింతలు చిక్కని పొర దాకా పోతాది. ఇలా ఒక్కో పొరా కొలుస్తారు.

అయితే ప్లాస్మా కదలకుండా ఉండదు. చెరువులో అలలు లేస్తే చందమామ నీడ ముక్కలైనట్టు, తిరిగొచ్చే తరంగాలు కూడా చెదిరిపోతాయి. అందుకని పెద్ద కటకాలతో వాటిని కూడగట్టి, వరసగా పెట్టిన చాలా రిసీవర్ల మీద పడేట్టు చేస్తారు. మన కన్ను బొమ్మను పట్టినట్టే. అప్పుడు ఎక్కడ సాంద్రత పెరుగుతుందో, ఎక్కడ తగ్గుతుందో బొమ్మలా కనిపిస్తాది. కేస్టార్‌లో ఇలా చూశారు.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1924లో ఇంగ్లాండులో ఆపిల్టన్ అనే శాస్త్రవేత్త రేడియో తరంగాలను పంపి, భూమికి సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్ల పొర ఉందని రుజువు చేశారు. 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

కాబట్టి మిత్రులారా, చెయ్యి పెట్టలేని చోటును కూడా తెలివితో కొలవవచ్చు. సైన్సు పీరియడులో ప్రతిధ్వని పాఠాన్ని చిన్నచూపు చూడకండి!

– 9వ తరగతి విద్యార్థిని