రాబందు మొగముగల చిలుక

చిలుక అనగానే మన కన్నులకు కట్టేది రామచిలుక. పచ్చని రెక్కలు, ఎర్రని ముక్కు, మగపక్షి మెడకు గులాబిరంగు పట్టె. కావ్యములలో అది మన్మథుని వాహనము. పంజరములో ముద్దుపలుకుల మూట. న్యూగినీ ద్వీపములోని కొండ అడవులలో మరొక చిలుక కలదు. దానిని దూరమునుండి మొదటిసారి చూచినవారు డేగ అనో, రాబందు పిల్ల అనో పొరబడినా ఆశ్చర్యము లేదు. పొడవు మూరెడు. వీపు కాకివలె నలుపు. రొమ్ము మీద బూడిదరంగు అంచులు పొలుసులు పేర్చినట్లుంటవి. పొట్టయందును రెక్కలయందును ఎరుపు నిప్పుకణికవలె మెరుస్తుంది. మొగము మీద ఈకలు దాదాపుగా లేవు. ఉన్నదంతా నల్లని చర్మమే. ముక్కు తక్కిన చిలుకల ముక్కువలె పొట్టిగా, బొద్దుగా ఉండక, సన్నగా ముందుకు సాగి ఉంటుంది. ఎగిరేటప్పుడు కొంతసేపు వడివడిగా రెక్కలు కొట్టి, కొంతసేపు వాటిని చాచి గాలిలో తేలిపోతుంది. కూత మాత్రము కర్ణకఠోరము.

1830లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు రెనె లెసన్ ఈ పక్షిని మొదట శాస్త్రీయముగా వర్ణించి, దానికి ‘ఫల్గిడస్’ అని పేరుపెట్టినాడు. లాటిను భాషలో ఆ మాటకు ‘ప్రకాశించునది’ అని అర్థము. నేటి పూర్తి శాస్త్రనామము ‘సిట్రికాస్ ఫల్గిడస్’. వాడుకలో పెస్కే చిలుక అని పేరు. మొగము చూచి పెట్టిన పేరు మరొకటి ఉన్నది: రాబందు చిలుక. ఆ పేరు విన్నవాడు ఇది మాంసభక్షకమని భ్రమపడితే తప్పు వానిది కాదు, పేరు పెట్టినవారిది. ఇంతకన్న సాధువైన ఆహారముగల పక్షి మరొకటి ఉండదేమో! ఇది బ్రతికేది ముఖ్యముగా అత్తిపండ్ల మీద. అందులోనూ కొన్ని జాతుల అత్తి చెట్ల మీదనే. అప్పుడప్పుడు మామిడి వంటి ఇతర ఫలములను, పూలను, పూదేనెను కూడ స్వీకరిస్తుంది.

రాబందు తల బోడిగా ఉండుటకు అది కళేబరములలో తల దూర్చుటే కారణమని చెప్తారు. ఈ చిలుక విషయములో కళేబరము స్థానే పండు వచ్చినది. మాగిన అత్తిపండు గుజ్జు జిగటగా ఉంటుంది. దినమంతా అందులో మొగము దూర్చే పక్షికి చెంపల మీద ఈకలుంటే అవి అట్టలు కట్టి, పాడైపోతవి. అందుచేతనే మొగము నున్నబడినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ముక్కు సాగినది కూడ ఈ ఫలాహారమునకు అనువుగానే. గింజలను, కాయలను కొరికి పగులగొట్టే చిలుకలకు బలిసిన ముక్కు కావలెను. మెత్తని గుజ్జు తినేదానికి ఆ బలముతో పని లేదు.

మన మర్రి, రావి, మేడి, జువ్వి అన్నియు ఈ అత్తి ప్రజాతికి చెందినవే. న్యూగినీలో ఈ ప్రజాతి చెట్లు నూరు జాతులకు పైబడి ఉన్నవి. మేడిపండును చీల్చిన బాలుడెవడైనను లోపల చిన్న కీటకములను చూచియే ఉంటాడు. పండుగా మనము ఎంచేది నిజమునకు లోపలివైపు పూచిన పూలగుత్తి. దోమకన్న చిన్నదైన ఒక రకపు కందిరీగ, సన్నని రంధ్రముగుండా దూరి, లోపలి పూలకు పుప్పొడిని చేర్చి, అక్కడనే గ్రుడ్లు పెడుతుంది. రెక్కలు వచ్చిన ఆ కీటకము ఆయుస్సు ఒకటి రెండు దినములు మాత్రమే. అది వెలుపలికి వచ్చే సమయమునకు దగ్గరలో మరొక చెట్టు పూతకు సిద్ధముగా ఉండవలెను. లేనిచో దాని వంశము అంతరిస్తుంది. కాబట్టి అడవిలోని అత్తిచెట్లన్నియు ఏకకాలమున కాయవు. ఏడాది పొడుగునా ఎక్కడనో ఒకచోట పండ్లు ఉంటవి. ఒకే రకపు ఆహారమును నమ్ముకొన్న ఈ చిలుక బ్రతుకు అట్లు సాగుతున్నది. కాని పండిన చెట్టును వెదకుతూ అది చాలదూరము తిరుగవలసి ఉంటుంది. ఎడతెగని విశాలమైన అడవి దానికి కావలెను. 600 నుండి 1200 మీటర్ల వరకు ఎత్తుగల కొండవాలులలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

దీని బంధుత్వమును నిర్ణయించుట పండితులకు చాలకాలము చిక్కుసమస్య అయినది. ప్రజాతిలో ఇది ఒంటరి. తోబుట్టువనదగిన మరొక జాతి లేదు. ముక్కు, ఈక, ఎముక చూచి వర్గీకరించే కాలములో దీనిని ఏ గుంపులోనూ ఇమడ్చలేక, ప్రత్యేకముగా ఒక శాఖలో ఉంచినారు. తరువాత డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చినవి. అవి చూపిన చుట్టము న్యూగినీలో లేదు, పొరుగున ఉన్న ఆస్ట్రేలియాలోనూ లేదు. హిందూ మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున, మడగాస్కర్‌లోను పరిసర ద్వీపములలోను ఉండే వాసా చిలుకలు దీనికి అతిసమీప బంధువులని తేలినది. వాసా చిలుకలు కూడ నలుపు, ముదురు గోధుమ రంగులవే. అంతకుముందు వాటిని ఆఫ్రికా చిలుకలతో చేర్చి లెక్కించేవారు. ఇంకొక చిత్రము: పిల్లలను పెంచే ఋతువులో ఆడ వాసా చిలుక తల ఈకలు రాలి బోడి అవుతుంది. అయితే దీనిని చూచి బోడితలయే చుట్టరికమునకు ఆధారమని తొందరపడరాదు. రాబందు విషయములో జరిగిన పొరపాటు అటువంటిదే గదా!

2012లో లియో జోసెఫ్, అతని సహచరులు చిలుకల వర్గీకరణను సవరిస్తూ ఈ రెండు శాఖలను కలిపి ఒక ప్రత్యేక కుటుంబముగా నిలిపినారు. అన్ని పట్టికలు దీనిని అంగీకరించలేదు; కొన్ని నేటికిని మన రామచిలుకతోబాటు ఒకే పెద్ద కుటుంబములో చూపుతున్నవి. కుటుంబము పేరు ఏదైనను, కోట్ల సంవత్సరములనాడే వేరుపడిన కొమ్మ అన్న విషయమున మార్పు లేదు. పది జాతులున్న ప్రజాతిలో ఒకటి నశిస్తే తొమ్మిది మిగులుతవి. ఇది నశిస్తే ప్రజాతియే నశిస్తుంది.

ఆ భయము లేకపోలేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ప్రమాదమునకు లోనైన జాతిగా గుర్తించినది. అడవుల నరికివేత ఒక కారణము. అంతకన్న పెద్ద కారణము ఆ ఎర్రని ఈకలే. న్యూగినీ కొండజాతులవారు ఉత్సవములలో ధరించే శిరోభూషణములకు వాటికి ఎంతో విలువ. పక్షి చర్మములను ఓలిగా ఇచ్చే ఆచారము కూడ ఉన్నది. ఈ ఆచారములు నిన్నమొన్నటివి కావు. వాటిని తేలికగా అనాగరికమనుట న్యాయము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉండగానే రామచిలుకను పంజరములో పెట్టి జోస్యము చెప్పించుకొన్న మనకు ఆ అర్హత అసలే లేదు. అయితే లెక్క లెక్కయే. ఈ చిలుక చెట్టు తొర్రలో పెట్టేది రెండు గ్రుడ్లు. పండిన అత్తిచెట్టుకు తప్పక వచ్చే పక్షి గనుక, వేటగాడు ఆ చెట్టు క్రింద కాచుకొని ఉంటే చాలును. మధ్య పర్వతసీమలో పలుచోట్ల అడవి నిలిచియే ఉన్నది, అత్తిచెట్లు కాస్తున్నవి, పండ్లు మాగి రాలుతున్నవి. వాటిని తినుటకు ఈ చిలుక మాత్రము రావటము లేదు.