తీగ తెంచకుండా ఫాగ్ లైటు

జనవరిలో సోనారి, కద్మా వైపు నుంచి పొద్దుటి ఏ-షిఫ్టుకి బయల్దేరేవాళ్లకి ఖర్కాయి నది మీది పొగమంచు కళ్ల ముందు తెరలా నిలబడుతుంది. అందుకే జంషెడ్‌పూర్‌లో స్కూటర్‌కి ఫాగ్ లైట్లు సోకు కోసం పెట్టేవి కావు. వాటి గురించి అడిగితే షోరూంలో వారంటీ పోతుందంటారు, బయట షాపులో ఏమీ కాదంటారు. రెండూ సగం నిజాలే.

లైటు తగిలించడం కన్నా దాని కోసం కంపెనీ వైరింగ్‌ని కోయడమే అసలు తగువు. మామూలుగా మెకానిక్ ఏం చేస్తాడు? హెడ్‌లైట్ తీగ మీద తొడుగు గీకి, కొత్త తీగ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుడతాడు. ఒక్క వానాకాలం గడిస్తే టేపు వదులై లోపల రాగికి పచ్చటి చిలుము పడుతుంది. ఆ అతుకులో అర ఓమ్ నిరోధం పుట్టిందనుకోండి. 20 వాట్ల లైట్లు రెండు, 12 వోల్టుల మీద, సుమారు 3.3 ఆంపియర్లు లాగుతాయి. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే 5 వాట్లకి పైగా వేడి, అదీ కందిగింజంత చోట. ముందు టేపు మెత్తబడుతుంది, తరవాత పక్క తీగల తొడుగు. అది చూసిన సర్వీస్ ఇంజినీరు వారంటీ ఇవ్వనంటే తప్పు పట్టలేం.

సరైన పద్ధతికి ఖర్చు పెద్దగా ఎక్కువ కాదు. లైట్లకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, రిలే అనే చిన్న విద్యుత్ స్విచ్ మీదుగా రావాలి. రిలేని మేల్కొలపడానికి ఆంపియర్‌లో ఆరోవంతు చాలు. ఆ కొద్ది కరెంటుని తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగ నుంచి, కప్లర్‌కి (తీగ కోయకుండా బిగించే ప్లగ్గుకి) కప్లర్ కలిపి తీసుకోవాలి. 5 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. ఫ్యూజు తన తరవాతి తీగనే కాపాడుతుంది, ముందున్న తీగకి దిక్కు లేదు.

ఇక లెక్క. యాక్టివా 6జి బ్యాటరీ 3 ఆంపియర్-అవర్లే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. మాంగో వంతెన జామ్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే జనరేటర్ ఉత్పత్తి తగ్గి, లోటు బ్యాటరీ మీద పడుతుంది. అక్కడ ఫాగ్ లైట్లు ఆర్పేయండి. ఫోన్ చార్జర్‌ది ఇంకో చిక్కు: తాళంతో సంబంధం లేకుండా తగిలిస్తే, 10 మిల్లీ ఆంపియర్లు లాగినా పన్నెండు పదమూడు రోజుల్లో బ్యాటరీ ఖాళీ. సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి రెండు వారాలకి తిరిగొస్తే సెల్ఫ్ మొరాయించడం ఖాయం.



ఇక వారంటీ సంగతికి వస్తే, అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం కొనుగోలుదారు వైపు గట్టిగా నిలుస్తుంది. మన దగ్గర వారంటీ పుస్తకంలో రాసిందే ముఖ్యం. అయితే 2014లో కాంపిటీషన్ కమిషన్, 14 కార్ల కంపెనీల కేసులో, బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదనీ, ఆ పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చనీ ఆదేశించింది. అది కార్ల గురించే అయినా, వాదనకి పనికొచ్చే తర్కం.

కప్లర్లతో బిగిస్తే మరో సుఖం. బండి మొరాయిస్తే సర్వీస్ సెంటర్‌లో వాళ్ల ఎదురుగానే కప్లర్ ఊడదీయండి. లోపం అప్పటికీ ఉంటే, లైట్లు విప్పాక కూడా ఉందని జాబ్‌కార్డు మీద రాయించుకుని సంతకం తీసుకోండి.