రన్‌వే లేని కొండకు విమానం

పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే కర్నూలు నుంచి శ్రీశైలం నూరు కిలోమీటర్ల లోపే. బస్సెక్కితే ఆత్మకూరు, దోర్నాల మీదుగా దాదాపు 180 కిలోమీటర్లు, ఆ పైన నల్లమల ఘాట్ మలుపులు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం తెరుచుకున్నాక బెంగళూరు, చెన్నై, విశాఖ కర్నూలుకు దగ్గరయ్యాయి గానీ శ్రీశైలం ఉన్నంత దూరంలోనే ఉండిపోయింది. రెండు విమానాశ్రయాల మధ్య దూరాన్ని వేగంతో భాగించి ప్రయాణం ఇంతసేపని చెప్పే లెక్క రన్‌వే నుంచి రన్‌వే దాకానే పనిచేస్తుంది. ఓర్వకల్లులో పరిచిన రన్‌వే రెండు కిలోమీటర్లు. పులుల అభయారణ్యం నడుమ, కొండల మీద అంత చదును నేల ఎక్కడిది? కాబట్టి శ్రీశైలానికి వేగం కంటే ముందు కావలసింది నీళ్ల మీద వాలగల విమానమని నా వాదన.

2024 నవంబరు 9న విజయవాడ ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణలోంచి లేచి శ్రీశైలం జలాశయంలో దిగిన ట్విన్ ఆటర్ అలాంటిదే. కెనడాలో డి హావిలాండ్ సంస్థ తయారుచేసిన ఈ విమానం 1965 మే 20న తొలిసారి ఎగిరింది. దారీతెన్నూ లేని అడవులకూ మంచుసీమలకూ మనుషుల్ని చేర్చడానికే దీన్ని రూపొందించారు. 844 తయారుచేసి 1988లో ఆపేశారు. దాని పని చేసిపెట్టే మరో విమానం దొరక్క, వైకింగ్ ఎయిర్ అనే సంస్థ హక్కులు కొని 2010లో కొత్తదాన్ని ఎగరేసింది. తెప్పలు తగిలిస్తే వేగం గంటకు 270 కిలోమీటర్లకు అటూఇటూ, జెట్ విమానంలో మూడో వంతు. అయినా విజయవాడ నుంచి నేరుగా 190 కిలోమీటర్లను ముప్పావు గంటలో దాటేస్తుంది. ఆ తెప్పల అడుగున, నడిమికి కాస్త వెనగ్గా, మెట్టులాంటి కోత ఉంటుంది. వేగం పుంజుకోగానే తెప్ప ఆ మెట్టు దాకా పైకి తేలి జారడం మొదలెడుతుంది. మెట్టు వెనక గాలి చొరబడి నీటి పట్టు వదులుతుంది. దిగేటప్పుడు పైలట్‌కు చిన్న అలలు మేలే చేస్తాయి. నీరు అద్దంలా ఉంటేనే చిక్కు, ఇంకెంత ఎత్తులో ఉన్నాడో కంటికి అందదు.

గుజరాత్‌లో 2020 అక్టోబరు 31న సబర్మతి నుంచి ఐక్యతా విగ్రహానికి మొదలైన సీప్లేన్ కొద్ది నెలలకే ఆగిపోయింది కదా అంటారు. నిజమే, ఖర్చు మోయలేకపోయారు. కానీ అక్కడికి మంచి రోడ్డూ రైలూ ఉన్నాయి. ఇక్కడ రైలు లేదు, అడవి దారి రాత్రిళ్లు మూసేస్తారు. సీప్లేన్ కూడా పగలే ఎగురుతుందని, పదిహేను మందితో శివరాత్రి రద్దీ తీరదని ఇంకో అభ్యంతరం. రెండూ ఒప్పుకోవలసినవే, జాతర జనానికి బస్సులే దిక్కు. అయితే తెప్పల్లోనే చక్రాలు అమర్చిన రకం ఉంది. అది జలాశయంలోంచి లేచి, అరగంట లోపే ఓర్వకల్లు రన్‌వే మీద దిగగలదు. ప్రాణం మీదికొచ్చిన రోగికి ఆ తేడా చాలా పెద్దది.

అసలు గట్టి అభ్యంతరం నీటిమట్టం. నిండితే 885 అడుగులు. వేసవిలో 854 కంటే దిగువకు జారే ఏళ్లున్నాయి. ఒడ్డున కాంక్రీటు జెట్టీ కడితే తొలి ఎండాకాలానికే అది నీళ్లకు దూరమవుతుంది. తేలే జెట్టీ వేసి, నీటితోపాటు లేచి దిగే నడవను ఒడ్డుకు కలపాలి. టికెట్ ధర గురించి మాట్లాడేముందు తేల్చుకోవలసిన ఖర్చు అది.