జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన తాళంచెవి

పొయ్యి మీద పాలు. తలుపు బయట అమ్మ, నేను. చేతిలో తాళంచెవి ఉంది గానీ తిరగట్లేదు.

కొండాపూర్‌లో మా ఫ్లాట్‌కి నైట్ లాచ్ ఉంది. తలుపు మూస్తే చాలు, దానంతటదే లాక్ పడిపోతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మకి ఆ సంగతి చెప్పనేలేదు నేను. పొద్దున్నే చెత్తబుట్ట పెట్టడానికి బయటికొచ్చింది, గాలికి తలుపు ధడేల్‌మని పడింది. ఫోన్ లోపలే. మెట్లు దిగి, కింద కొట్లో ఉన్న నా దగ్గరికొచ్చింది.

"తాళం నీ దగ్గరుందా నాన్నా?"

"ఉందమ్మా" అన్నా, ధీమాగా.

ఎనిమిది నెలలుగా ఆ తాళంచెవికో చిట్కా ఉంది. కాస్త బయటికి లాగి, పైకెత్తి తిప్పాలి. మా ఆఫీసు భాషలో టెంపరరీ ఫిక్స్. అలాంటివే చివరికి పర్మనెంట్ అయిపోతాయని తెలిసీ వదిలేశా. ఆ రోజు చిట్కా కూడా పనిచేయలేదు. గట్టిగా తిప్పితే వంగింది. ఇంకాస్త తిప్పితే లోపలే విరిగేది.

మాడు వాసన మొదలైంది. పాలు పొంగి మంట ఆరిపోయి, గ్యాస్ లీకవుతోందేమోనని నా భయం. రూమ్మేట్ ఒరిజినల్ పట్టుకుని బైక్ మీద వచ్చేసరికి 20 నిమిషాలు. తలుపు తీయగానే అమ్మ, "లైటు వేయకు, ముందు కిటికీలు తియ్" అంది. అదృష్టం, మంట వెలుగుతూనే ఉంది. గిన్నె మాత్రం బొగ్గు.

సాయంత్రం రెండు తాళంచెవులూ పక్కపక్కన పెట్టి చూశా. గాట్లు ఒకేలా లేవు. అసలు కథేంటంటే, ఓనర్ ఇచ్చింది ఒకటే ఒరిజినల్. దానికో కాపీ తీశారు. ఆ కాపీ పట్టుకెళ్లి రోడ్డు పక్కన నాది చేయించుకున్నా. కాపీకి కాపీ.

ఇలాంటి తాళంలో స్ప్రింగుల కింద పిన్నులు వరసగా ఉంటాయి. ఒక్కోటి రెండు ముక్కలు. గాట్లు ప్రతి పిన్నునీ ఎంత ఎత్తాలో అంతే ఎత్తితే, ఆ ముక్కల మధ్య అతుకులన్నీ ఒకే గీత మీదికొస్తాయి. అప్పుడే సిలిండర్ తిరుగుతుంది. 1861లో లైనస్ యేల్ జూనియర్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. మిల్లీమీటర్‌లో చిన్న వంతు తేడా వచ్చినా కుదరదు. కాపీ మెషీన్ ముందున్న తాళంచెవిని తడుముతూ కొత్తదాన్ని కోస్తుంది. పాతదాని అరుగుదల, తప్పు, దాని సొంత తప్పు, అన్నీ కలిపి మరీ.

అందుకే కాపీ ఎప్పుడూ ఒరిజినల్ నుంచే తీయించండి. ఇంటికి తెచ్చాక తలుపు తెరిచి ఉంచి తిప్పి చూడండి. తెరిచినప్పుడు సాఫీగా తిరిగి, మూశాక మొరాయిస్తే తాళంచెవి తప్పు కాకపోవచ్చు. వానకి తలుపు ఉబ్బిందో, బందులు జారి గడియ దాని రంధ్రానికి ఎదురుగా రావట్లేదో చూడాలి. తాళంలో కొబ్బరినూనె మాత్రం పోయొద్దు, దుమ్ము పట్టి పిన్నులు బిగుసుకుంటాయి. గ్రాఫైట్ పొడి నయం.

నాకు కొత్త కాపీ వచ్చింది, ఒక్క వేలితో తిరుగుతోంది. అమ్మ మాత్రం నమ్మలేదు. ఊరెళ్లేదాకా ఒరిజినల్ ఆవిడ కొంగుకే ఉంది, చెత్తబుట్ట పెట్టడానికి వెళ్లినా సరే.