ఇల్లాలి పేర ఇల్లు

మన భాషలో గృహిణిని ఇల్లాలందుము. ఇల్లు ఆమెదే యని ఆ మాట చెప్పుచున్నట్లుండును. కాని దస్తావేజు విప్పి చూచినచో నందు ఆమె పేరు కనబడుట అరుదు. ఇండ్ల వెలలను గూర్చి వ్రాయ సంకల్పించి మేము మాకు తెలిసిన సోదరీమణులను కొందఱిని, "మీ యిల్లెంతకు కొన్నా"రని యడిగితిమి. వెల అందఱును తడుముకొనక చెప్పిరి. "ఎవరి పేర నున్న"దని యడిగినప్పుడు మాత్రము పలువురు, "మావారి పేరనే, ఇంకెవరి పేర నుండును?" అని నవ్విరి. ఆ నవ్వే యీ వ్యాసమునకు కారణము.

ఇల్లు పూర్వము మనలో చాలమందికి కొనుగోలు వస్తువు కాదు, కట్టుకొను వస్తువు. ఏ నేలలో నేది దొరకునో దానితోనే యిల్లు లేచెడిది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరమున చుట్టిండ్లు గలవు. గుండ్రని మట్టిగోడ, దానిపై దాదాపు నేలవఱకు దిగిన తాటాకు కప్పు. ఎటునుండి గాలి వీచినను పట్టు చిక్కక జాఱిపోవును. గోదావరి జిల్లాల సంపన్నులు మండువా లోగిళ్లు కట్టుకొనిరి. నాలుగు ప్రక్కల పెంకుల కప్పు, నడుమ నాకాశము, వానకాలమున నడిమి గుంటలో నీరు. రాయలసీమలోను తెలంగాణములోను మట్టిమిద్దెలు. దూలములపై దంతెలు, దంతెలపై కంప, ఆపైన మన్ను, అన్నిటిపైన చౌడు. తొలకరికి ముందు క్రొత్త చౌడు పఱవకున్న మిద్దె కాఱును. కడప బండలు, తాండూరు బండలు అరుగులకును నట్టిండ్లకును వచ్చినవి.

ఈ యిండ్లకు రొక్కము తక్కువ పట్టెడిది గాని కష్టము తక్కువ పట్టెడిది కాదు. పేడతో నలుకుట, గోడలకు సున్నము కొట్టుట, వాన వెలిసిన పిమ్మట పగుళ్లు మెత్తుట ఎవరి పనులో పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱలేదు. ఇంటిని నిలిపియుంచు ఖర్చులో పెద్ద పాలు స్త్రీ చేతి కష్టమే. దానికి పద్దు వ్రాసినవారు లేరు. మండువాను మెచ్చి వ్రాయువారు నేడు పెక్కుమంది గలరు. ఆ మండువాను దినదినము కడిగినవారు వ్రాసినది మాత్రము మా కంటబడలేదు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను గొన్నది. పూరికప్పుపై జనులకుండిన నమ్మకము ఆ రాత్రితో సడలినది. 1979లో ఆంధ్రప్రదేశ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. ఆపైన సిమెంటు, ఇనుము పల్లెపల్లెకును వచ్చినవి. పట్టణములలో అంతస్తుపై అంతస్తు లేచినది. చేతి కష్టముతో నిలిచిన యిల్లు రొక్కముతోను ఋణముతోను నిలుచు నిల్లయినది.

ఆ ఋణము లెక్కయే చూతము. నూటికి 9 వంతుల వడ్డీపై 30 లక్షల రూపాయలు 20 సంవత్సరములకు తీసికొన్నచో నెలకు సుమారు 27,000 కట్టవలెను. 240 నెలలు గడచుసరికి కట్టిన మొత్తము దాదాపు 65 లక్షలు. అనగా ఒక యిల్లు కొని ఒకటికి మించిన యింటి వెల వడ్డీగా నిచ్చుచున్నాము. ఉద్యోగము చేయు భార్య యున్నచో బ్యాంకువారు ఆమె జీతమును గూడ కలిపి ఋణము పెంచి, ఆమె చేతను సంతకము పెట్టింతురు. ఆ సంతకముతో ఆమె బాకీదారు అగును, యజమానురాలు కాదు. యజమానురాలు కావలెనన్న విక్రయ దస్తావేజులో కొనువారిలో నొకతెగా ఆమె పేరుండవలెను. ఈ రెండు కాగితములు వేఱని తెలియక మోసపోయినవారు చదువుకొన్నవారిలోనే యెక్కువ.

ఫ్లాటు కొలత సంగతియు నంతే. 1,200 చదరపు టడుగులని చెప్పినది మెట్లు, వసారాలు, లిఫ్టు కలిపిన లెక్క. గోడల లోపల చాప పఱచుకొనదగిన నేల అందులో నూటికి 25, 30 వంతులు తగ్గుట కద్దు. 2016లో వచ్చిన రెరా చట్టము ఆ లోపలి వైశాల్యము నిర్మాతలు తెలుపవలెనన్నది. రిజిస్టరైన ఒప్పందము లేక వెలలో పదవ వంతుకు మించి బయానా పుచ్చుకొనరాదనియు నన్నది. నేలలో మన భాగ మెన్ని గజములో గూడ దస్తావేజులో చూడవలెను. కట్టడము పాతబడును గాని నేల పాతబడదు.

పుట్టింటి సంగతికి వత్తము. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి స్వార్జితములో భాగ మిచ్చినది. ఇచ్చియు, 23వ సెక్షనులో నొక మెలిక పెట్టినది. కుటుంబము నివసించుచున్న యింటిని, మగ వారసులు పంచుకొనదలచువఱకు, కుమార్తె పంచుమని యడుగరాదు. పెండ్లి కానిది, భర్త విడిచినది, భర్తనుండి వేఱైనది, వితంతువు, వీరికి మాత్రమే అందు తలదాచుకొను హక్కు. 1986లో ఆంధ్రప్రదేశము ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు నిచ్చెను గాని, 1985 సెప్టెంబరు 5వ తేదీకి ముందు పెండ్లియైన వారిని విడిచెను. ఈ రెండు కట్లును 2005 సెప్టెంబరు 9న తెగినవి. ఆ నాటికి తండ్రి జీవించి యుండనక్కఱలేదని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పినది.

ఒక విచిత్రము గమనింపుడు. 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస పథకము బీదల యింటిపై స్త్రీ పేరుండవలెనన్నది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సుమారు 30 లక్షల నివేశన స్థలములకు స్త్రీల పేరనే పట్టాలు తలపెట్టినది; పట్టణమున నొక సెంటు, పల్లెలో ఒకటిన్నర. సెంటనగా 48 గజములే. ఆ చోటు చాలునా యనుట వేఱు ప్రశ్న. కూలి చేసికొను స్త్రీ పేరు పట్టాలో కెక్కినది, కాపురములు కుదురుగా నున్న మన మధ్యతరగతి యిండ్లలో నింకను ఎక్కలేదు.

పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన యొక సోదరికి పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద అరవై సెంట్ల పొలమిచ్చిరి. అది ఆమె సొంతము, ఎవరును కాదనలేరు. హైదరాబాదులో ఫ్లాటు కొనుటకు దాని నమ్మిరి. ఫ్లాటు భర్త పేర రిజిస్టరైనది. ఆ దినమున ఆమె వంటపనిలో నుండి కార్యాలయమునకు వెళ్లనైన వెళ్లలేదు. కొన్ని యేండ్లకు భర్త వీలునామా వ్రాయక పోయెను. అప్పుడు చట్టప్రకారము వారసులు నలుగురు: ఆమె, కొడుకు, కూతురు, అత్తగారు. తన పొలపు సొమ్ముతో కొన్న యింటిలో ఆమెకు వచ్చినది నాల్గవ వంతు. అత్తగారు మంచివారే, ఆమె భాగముకై యడిగినది మఱిది. పొలము నమ్మిన సొమ్మే ఫ్లాటుకు చెల్లినదని చూపుటకు ఈమె చేత నొక్క చీటియైన లేదు. తుదకు ఋణము చేసి ఆ భాగము తానే కొనవలసి వచ్చెను.

ఇటీవల ఆమె కుమార్తెయు అల్లుడును ఇల్లు కొనుచున్నారు. దస్తావేజు ముసాయిదా వచ్చిన దినమున ఆమె కండ్లద్దములు తెప్పించుకొని, వెల వ్రాసిన పుటను ప్రక్కకు బెట్టి, కొనువారి పేర్లున్న పుటనే ముందు చదివినదట.